ముల్లు మాట, పుల్ల మాట

మొన్న కార్తీకమాసంలో వేములవాడ రాజన్న దర్శనానికి బయల్దేరాం. మా ఆడపడుచు కొడుకు కారు నడుపుతున్నాడు. సిరిసిల్లలోకి వస్తుండగా రోడ్డు పక్కన పెట్రోలు బంకు కనిపించింది.

"కాస్త ఆపు నాయనా, పెట్రోలు పోయించుకుందాం" అన్నాను.

"ఎందుకత్తమ్మా? ఇంకా నూటపది కిలోమీటర్లు వస్తుందని కారే చెబుతోంది గదా!" అని ముందున్న పలక మీద వెలుగుతున్న అంకె చూపించాడు.

"కారు చెప్పిందా? అయితే తప్పకుండా ఆపు."

వెనక సీట్లోంచి మావారు నవ్వారు. "మీ అత్తమ్మతో వాదం పెట్టుకోకురా. ఆవిడకు పామంటే భయం లేదు గానీ పెట్రోలు ముల్లంటే మహా భయం" అన్నారు.

నిజమే. ఆ భయానికి ఒక చరిత్ర ఉంది. అందులో నాది కొంత, ముల్లుది కొంత. ముందు ముల్లు సంగతి చెబుతాను. అది తెలిస్తే గానీ నా సంగతి అర్థం కాదు.

మోటారు బండి పుట్టిన కొత్తల్లో చాలా బండ్లకు ముల్లనేదే లేదు. అమెరికాలో ఫోర్డు కంపెనీవారు 1908 నుంచి 1927 దాకా కోటిన్నర 'మోడల్ టి' కార్లు తయారుచేశారు. వాటిలో ఎక్కువ బండ్లకు పెట్రోలు ట్యాంకు ముందు సీటు కిందే ఉండేది. ఎంత ఉందో చూడాలంటే కూర్చున్నవాళ్ళు లేవాలి, మెత్త తీయాలి, మూత విప్పి ఓ చెక్కపుల్ల ముంచాలి. పుల్ల ఎంత మేర తడిస్తే పెట్రోలు అంత ఉన్నట్టు. పైగా ఆ బండికి పెట్రోలు పంపు లేదు. ట్యాంకులోంచి ఇంజనులోకి దానంతటదే దిగాలి. అందుకని పెట్రోలు తక్కువున్నప్పుడు ఏటవాలు గుట్ట ఎక్కాల్సి వస్తే బండిని తిప్పి, వెనక్కి వెనక్కి ఎక్కించేవాళ్ళట! మన కొండగట్టు మీదికి అలా వెళ్ళే కారును ఒక్కసారి ఊహించుకోండి. అంజన్నకు ముందు మన వీపు దర్శనమయ్యేది.

జర్మనీవారి ఫోక్స్‌వాగన్ బీటిల్‌కి 1960ల మొదట్లో గానీ ముల్లు రాలేదు. అప్పటిదాకా కాళ్ళ దగ్గర ఒక మీట ఉండేది. బండి దగ్గడం మొదలుపెట్టగానే ఆ మీట తిప్పితే, అడుగున దాచిన కాస్త పెట్రోలు ఇంజనుకు అందేది. మన ఇళ్ళలో స్కూటర్లకు ఉండిన 'రిజర్వు' మీట అలాంటిదే. అది తిప్పాక కూడా ఆగిపోతే స్కూటరును ఓ పక్కకు వంచి, మళ్ళీ కిక్కు కొట్టిన మగవాళ్ళను మనమందరం చూసినవాళ్ళమే. ఆ కాసేపూ పక్కన సంచీ పట్టుకుని, ఎటో చూస్తూ నిలబడ్డవాళ్ళం కూడా మనమే!

నిజాం రాజ్యంలో 1932లో రైల్వేశాఖవారు 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. తర్వాత వచ్చిన ఆర్టీసీకి అదే మూలం. ఆర్టీసీ డిపోల్లో ముల్లు కంటే పద్దుకు విలువెక్కువ. బస్సుకు ఎన్ని లీటర్లు పోశారు, అది ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అని రాసి, లీటరుకు ఇన్ని అని లెక్క తీస్తారు. డ్రైవరు పనితనానికి ఆ లెక్కే కొలత. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో పెట్రోలుకు రేషను వచ్చినప్పుడు బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచాయి. వెనక ఒక పీపా, అందులో నిప్పు. ఇంగ్లండులోనైతే కొన్ని బస్సులు ఆ నిప్పుల పొయ్యిని చిన్న ట్రాలీ మీద పెట్టి వెనక లాక్కుంటూ తిరిగాయి. బలం చాలుతుందో లేదో ఎత్తు వచ్చినప్పుడే తెలిసేది. చాలకపోతే జనం దిగి తొయ్యడమే.

ఇక ముల్లు ఎలా పనిచేస్తుందంటారా? మన ఇంటి మిద్దె మీది నీళ్ళ ట్యాంకులో బంతి తేలుతుంటుంది చూడండి, అలాంటిదే పెట్రోలు ట్యాంకులోనూ ఒకటుంటుంది. దానికో కడ్డీ. పెట్రోలు తగ్గుతుంటే బంతి దిగుతుంది, కడ్డీ వంగుతుంది, దాన్నిబట్టి తీగలో పారే కరెంటు మారుతుంది, ముందున్న ముల్లు కదులుతుంది. వినడానికి బాగానే ఉంది గానీ ఇందులో కష్టాలు చాలా ఉన్నాయి. ట్యాంకు చతురస్రంగా ఉండదు. బండి కింద ఖాళీ ఎక్కడుంటే అక్కడ ఇమిడేట్టు వంకరగా చేస్తారు. అందుకే మొదటి సగం నెమ్మదిగా, రెండో సగం గబగబా అయిపోయినట్టు కనిపించే బండ్లున్నాయి. ఎత్తులో పెట్రోలంతా ఒక పక్కకు చేరితే ముల్లు ఒకటి చెబుతుంది, పల్లంలో మరొకటి చెబుతుంది. బంతికి చిల్లి పడి మునిగితే నిండు ట్యాంకును ఖాళీ అంటుంది. కడ్డీ బిగుసుకుపోతే ఎప్పుడు చూసినా ఒకే మాట చెబుతుంది.

మనకు ఇవేమీ కొత్త కాదు. వంటింట్లో గ్యాసు సిలిండరుకు ముల్లుందా? లేదు. 14.2 కిలోల గ్యాసు ఎప్పుడు అయిపోతుందో వంటమనిషి చెయ్యే చెప్పాలి. కాస్త కదిలించి చూస్తాం, లేకపోతే తడిబట్టతో తుడుస్తాం. లోపల ద్రవం ఉన్నంత మేర తడి ఆలస్యంగా ఆరుతుంది. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి ఇంకా ఎన్ని రోజులకు వస్తాయో చెప్పని ఇల్లాలు ఉందా?

అయితే పుల్ల మాత్రం ఎప్పుడూ నిజమే చెబుతుందా అంటే, అదీ లేదు. 1983 జూలై 23న కెనడాలో ఒక పెద్ద విమానంలో ఇంధనం చూపే ముళ్ళు పనిచేయలేదు. సరేనని పాత పద్ధతిలో పుల్లలతోనే కొలిచారు. పుల్లలు నిజమే చెప్పాయి. కానీ ఆ దేశం అప్పుడే పౌండ్ల నుంచి కిలోలకు మారుతోంది. లీటర్లను కిలోలుగా మార్చాల్సిన చోట పౌండ్ల లెక్కతో హెచ్చవేశారు. కావలసినదాంట్లో సగం కూడా లేకుండా విమానం ఎగిరింది. 41,000 అడుగుల ఎత్తులో ఎగురుతుండగా ఇంధనం అయిపోవచ్చింది, కాసేపట్లో ఇంజన్లు రెండూ ఆగిపోయాయి. పైలట్ ఆ విమానాన్ని గాలిపటంలా తేల్చుకుంటూ గిమ్లీ అనే ఊళ్ళో పాత రన్‌వే మీద దించాడు. ఒక్క ప్రాణం కూడా పోలేదు. ముల్లయినా పుల్లయినా చెప్పేది సగమే, మిగతా సగం మనిషి అడిగి తెలుసుకోవాలని ఆ కథ చదివినప్పుడల్లా అనుకుంటాను.

ఇక నా సంగతి.

అది 1991 జూన్. దేశమే విదేశాల్లో బంగారం కుదువబెట్టుకున్న ఏడాది. నాకు పదకొండేళ్ళు. సిరిసిల్లలో మాస్టరుగా ఉన్న మా బాపుకు జగిత్యాలకు బదిలీ అయింది. సామాను చేరవెయ్యడానికి మా చిన్న మేనమామ తన పాత జీపు తెచ్చాడు. వెనక ట్రాలీ తగిలించి, దాంట్లో బీరువా, మంచాలు, రోలు, సందూకు, బియ్యం బస్తాలు, బాపు పుస్తకాల పెట్టెలు ఎక్కించారు. పుస్తకాల పెట్టెలే నాలుగు.

మా మామ అంతకుముందు కువైట్‌లో లారీ నడిపేవాడు. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. మనవాళ్ళు లక్షన్నరకు పైగా అక్కడ చిక్కుపడ్డారు. ఎడారి దాటి జోర్డానుకు చేరినవాళ్ళను అమ్మాన్ నుంచి విమానాల్లో బొంబాయి తెచ్చారు. మా మామ అలా వచ్చినవాడే. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల దిక్కున ఏ వాడలోనైనా గల్ఫ్‌కు పోయినవాళ్ళ ఇల్లు ఒకటుంటుంది. పోయినప్పుడు అప్పెంతయిందో ఊళ్ళో ఎవరికీ గుర్తుండదు. వచ్చినప్పుడు చేతికి గడియారం, చొక్కాకు సెంటు వాసన మాత్రం అందరికీ తెలుస్తాయి. మా మామకూ ఆ రెండూ ఉన్నాయి.

వేములవాడ మీదుగా మధ్యాహ్నానికి కోరుట్ల చేరాం. అక్కడ మా పెద్దమ్మ ఇల్లు. ఆమె దగ్గరున్న అమ్మమ్మకు ఆయాసం ఎక్కువైందని, జగిత్యాల దవాఖానాలో చూపించడానికి వెంట తీసుకుపోవాలి. పెద్దమ్మ ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. "వెయ్యి బీడీలకని ఆకిస్తరు. చాలదని మనకు తెల్సుడు ఆఖరు కట్ట కాడనే. తక్కువ పడ్డ ఆకు మనమే కొనుక్కోవాలె" అంటూ మాకు అన్నాలు పెట్టింది.

బయల్దేరేముందు అమ్మ అడిగింది, "డీజిల్ చూసినవారా తమ్మీ?"

"ముల్లు సగం మీదున్నదక్కా. ఇంకేం గావాలె?"

"ఓసారి పుల్ల పెట్టి చూడరాదు?"

"కువైట్ల గంత పెద్ద బండ్లు నడిపినోన్ని, నాకు పుల్ల సంగతి చెప్తున్నవా!" అని మామ పెద్దగా నవ్వాడు.

నేను మాత్రం ఒకటి గమనించాను. సిరిసిల్లలో ముల్లు సగం మీదే ఉంది. వేములవాడలో సగం. కోరుట్లలోనూ సగం! మా మామ జీపు డీజిల్ తాగకుండానే నడుస్తుందని నాకు ఎంత గర్వమైందో చెప్పలేను.

జగిత్యాల ఇంకా కొంత దూరం ఉండగానే చీకటి పడింది. జీపు రెండుసార్లు దగ్గి, ట్రాలీని కొంచెం ఈడ్చి, ఆగిపోయింది. ముల్లు సగం మీదే ఉంది.

బాపు ఓ లారీ ఆపి, డబ్బా పట్టుకుని జగిత్యాల పోయాడు. అమ్మమ్మకు ఊపిరి అందడం లేదు. అమ్మ ఆమెను కూర్చోబెట్టి వీపు రాస్తోంది. అటూ ఇటూ చేలు, కప్పల అరుపులు, అమ్మమ్మ గొంతులో పిల్లికూత లాంటి చప్పుడు. మా తమ్ముడు ఏడుపు మొదలుపెట్టాడు. నాకు ఆ రెండు గంటలు రెండు రాత్రుల్లా గడిచాయి.

బాపు డీజిల్ తెచ్చాక కూడా బండి కదల్లేదు. పెట్రోలు బండి అయితే పోసి తాళం తిప్పితే చాలునట. డీజిల్ బండి ఎండిపోతే గొట్టాల్లోకి గాలి దూరుతుంది, ఆ గాలి పోతే గానీ ఇంజను లేవదు. దారిన పోయే ఒక ట్రాక్టరాయన దిగి, టార్చిలైటు వెలుతుర్లో ఒక మర వదులు చేసి, నురగ పోయి సన్నటి ధార వచ్చేదాకా చేతిపంపు నొక్కుతూ కూర్చున్నాడు. ఆయన పేరు కూడా మాకు తెలీదు.

ఆ సమయంలో మామ ట్రాలీ కొక్కెం దగ్గర తల వంచుకు కూర్చున్నాడు. అమ్మ దగ్గరికి పోయింది. ఆమె కొంగు పట్టుకుని నేనూ పోయాను.

"ముల్లు రెండు నెలల నుంచి గట్లనే ఆగిందక్కా. నాకు తెలుసు" అన్నాడు మామ. గొంతు పూడుకుపోయింది. "జేబుల ఇరవై రూపాయలే ఉన్నయి. ఉత్త జీపయితే జగిత్యాల దాకా వచ్చేది. ట్రాలీ బరువు లెక్కల వేసుకోలే."

అప్పుడు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. కువైట్‌లో ఆఖరి జీతాలు చేతికి రాలేదు. వీసాకు చేసిన అప్పు అట్లాగే ఉంది. జీపు కూడా వడ్డీ పైసలతో కొన్నదే. డీజిల్ ధర పెరిగింది. ఊళ్ళో మాత్రం అందరూ కువైట్ మనిషని పెళ్ళిళ్ళకు, పండుగలకు చందాలు అడుగుతున్నారు. కాదనలేక ఇస్తున్నాడు.

అమ్మ తిట్టలేదు. "నన్ను అడుగుతే నేను ఇయ్యకపోదునారా?" అంది. కాసేపాగి, "నువ్వు నవ్వుకుంట తిరిగితివి, మేం నమ్మితిమి. ఒక్కసారి గట్టిగ అడిగితే అయిపోవు" అని తన మీదే వేసుకుంది. కొంగు ముడి విప్పి అందులో ఉన్నదంతా మామ జేబులో పెట్టింది.

అర్ధరాత్రి దాటాక దవాఖానా చేరాం. అమ్మమ్మ బతికింది. ఆ తర్వాత ఆరేళ్ళుంది. మామ ఆ జీపు అమ్మి, అప్పు కొంత తీర్చి, ట్రాక్టరు డ్రైవరుగా కుదిరాడు. ఇప్పుడు కోరుట్లలోనే ఉంటున్నాడు. వెదురు బద్దను చెక్కి, గీతలు గీసి పెట్టుకున్న పుల్ల ఒకటి చాలా ఏళ్ళు ఆయన సీటు కిందే ఉండేది.

ఈ కాలం కార్లు ముల్లుతో ఆగకుండా, ఇంకా ఎన్ని కిలోమీటర్లు పోగలవో అంకెలో చెబుతాయి. ఇంతకుముందు లీటరుకు ఎంత నడిచాయో చూసుకుని వేసే లెక్క అది. కొత్తగా వెనక బరువు తగిలిస్తే, ఆ బరువుతో కొంత దూరం ఈడ్చాక గానీ లెక్క సరికాదు. ట్యాంకులో ఎంత ఉందో చెప్పే ముల్లును కనిపెట్టారు గానీ, వెనక ఏం కట్టుకుని పోతున్నామో ముందే తెలిసే ముల్లును ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

ఇదంతా చెప్పేసరికి కారు బంకులో ఆగింది.

"ఎంత పొయ్యమంటారు?" అని అడిగాడు బంకు అబ్బాయి.

మా ఆడపడుచు కొడుకు వెంటనే జవాబు చెప్పలేదు. "నూటపది కిలోమీటర్లు వస్తుంది గదా అత్తమ్మా..." అని మళ్ళీ అదే మాట అన్నాడు. వాడి మొహంలోకి చూశాను. చేతికి మంచి గడియారం ఉంది. చొక్కాకు సెంటు వాసన వస్తోంది.

"ఏం నాన్నా, ఈ నెల ఇబ్బందిగా ఉందా?" అని మెల్లగా అడిగాను.

వాడు తల దించుకున్నాడు. "కారు వాయిదా నిన్ననే కోసుకున్నారత్తమ్మా" అన్నాడు.

"నిండా పొయ్యి బాబూ" అని బంకు అబ్బాయికి చెప్పి, నా సంచీలోని పర్సు తీశాను.