యంత్రనిర్మాణ యంత్రములు: హిందూస్థాన్ మెషిన్ టూల్స్ సంస్థ

లోహఖండమును కోరిన ఆకృతికి, కోరిన కొలతకు తరిగి, తొలిచి, నునుపుచేసి ఇతర యంత్రముల అవయవములను సిద్ధపఱచు లేతు, మిల్లింగు, డ్రిల్లింగు, గ్రైండింగు యంత్రములకు యంత్రనిర్మాణ యంత్రములని పేరు. కర్మాగారములలో వీనిని మెషిన్ టూల్సు అనియే వ్యవహరింతురు. నేతమిల్లు మొదలు రైలింజను వఱకు సమస్తమును వీని ఆధారముననే తయారగుచుండుటచే, వీనిని స్వయముగా నిర్మించుకొనజాలని దేశము ఎన్ని మిల్లులు కలిగియున్నను, ఒక పండ్లచక్రము విఱిగిననాడు పరదేశపు నౌక కొఱకు ఎదురుచూడవలసినదే. భారతదేశమున ఈ లోపమును తీర్చుటకై కేంద్రప్రభుత్వము 1953 ఫిబ్రవరిలో నెలకొల్పిన హిందూస్థాన్ మెషిన్ టూల్స్ (ఎచ్.ఎం.టి.) సంస్థ చరిత్రయందు, అది అమ్మిన యంత్రముల కంటె ఆ యంత్రములతోపాటు వ్యాపింపజేసిన పనితనమే ప్రధానమైన అంశము.

పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్లకే ఇంగ్లండులో హెన్రీ మాడ్‌స్లే మరలు కోయు లేతును సుస్థిరమైన రూపమునకు తెచ్చినను, ఆ విద్య భారతదేశమునకు సరకుగా వచ్చినదే కాని విద్యగా రాలేదు. బొంబాయిలో 1892లో స్థాపితమైన బాట్లీబాయ్ వంటి వర్తకసంస్థలు విదేశీ యంత్రములను తెప్పించి మిల్లులకు, వర్క్‌షాపులకు విక్రయించుచుండెడివి. దేశీయ నిర్మాణమునకు పూనుకొన్నవారిలో కిర్లోస్కరులు అగ్రగణ్యులు. వారి మైసూరు కిర్లోస్కర్ సంస్థ 1941లో హరిహర్‌నందు ఆరంభమయ్యెను. పంజాబులోని బటాలా మొదలైన పట్టణముల కమ్మరులు, మిస్త్రీలు విదేశీ లేతును ముందుంచుకొని దానిని పోలిన మఱియొక దానిని పోతపోసి అమ్ముచుండిరి. ఈ నకళ్లలో కొలతల సూక్ష్మత తక్కువయే యైనను, వీనిని తేలికగా చూచుట తగదు, ఏలయన గ్రామీణ మరమ్మతుశాలలకు అందుబాటు వెలలో దొరకినవి ఇవియే. రెండవ ప్రపంచయుద్ధమున నౌకామార్గములు స్తంభించి దిగుమతులు సన్నగిల్లగా, 1941లో ప్రభుత్వము ఈ యంత్రముల తయారీని, విక్రయమును నియంత్రణోత్తర్వునకు లోబఱచెను. ఆ యుద్ధకాలముననే, 1943లో, సికిందరాబాదు కవాడిగూడయందు ప్రాగా టూల్స్ సంస్థ అవతరించినది.

స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వము స్విట్జర్లండునందలి ఓర్లికాన్ సంస్థతో ఒడంబడిక చేసికొని, బెంగుళూరు సమీపమున జాలహళ్లియందు లేతుల కర్మాగారమును నిర్మించెను. ఆరంభదశ ఆశించినంత సుఖముగా సాగలేదు. ఒకే తరగతి లేతుపై, అందును మిక్కిలి సూక్ష్మమైన, వెలగల లేతుపై ఆధారపడిన ప్రణాళిక ఆనాటి విపణికి పొసగలేదు. పిదప ఎం.కె.మాతుల్లా, ఆయన తరువాత ఎస్.ఎం.పాటిల్ నిర్వాహకత్వమున సంస్థ ఒక్క విదేశీ భాగస్వామిని ఆశ్రయించుట మాని, మిల్లింగు యంత్రములకు జర్మనీలోని ఫ్రిట్జ్ వెర్నర్, రేడియల్ డ్రిల్లింగు యంత్రములకు హెర్మన్ కోల్బ్, గ్రైండింగు యంత్రములకు ఇటలీలోని ఒలివెట్టి సంస్థలతో వేర్వేరుగా ఒప్పందములు చేసికొని, నమూనాపటములను సంపాదించి, క్రమక్రమముగా వానిని తన స్వంతము చేసికొనెను.

పటములను కొనవచ్చును గాని, వానిని అనుసరించు హస్తములను కొనుటకు వీలులేదు. లేతునకు ప్రాణము దాని బెడ్డు. పోత ఇనుముతో పోసిన ఆ బెడ్డును వెంటనే తరిగినచో, లోపల దాగియున్న బిగువు కాలక్రమమున సడలి, బెడ్డు రవంత వంగి, దానిపై తయారగు ప్రతి వస్తువును వంకరచేయును. కావున పోతలను చిరకాలము ఆరుబయట మాగనిచ్చుటయో, కొలిమిలో క్రమముగా వేడిచేసి చల్లార్చుటయో అవసరము. అటుపిమ్మట ఫిట్టరు సమతలపు పలకకు నీలిరంగు పూసి, బెడ్డుపై జరిపి, రంగు అంటిన మిట్టలను మాత్రమే చేతియులితో గీకి, మఱల రంగు పూసి, మఱల గీకుచు, రంగుచుక్కలు ఆ తలమంతటను సమముగా పరచుకొనువఱకు శ్రమించును. ఇట్లు సిద్ధమైన యంత్రము బెర్లిను ఆచార్యుడు గేఓర్గ్ ష్లెసింగర్ 1927లో ప్రకటించిన పరీక్షాపద్ధతి ననుసరించి, మిల్లీమీటరులో నూఱవవంతు తేడానైనను పట్టియిచ్చు డయల్‌గేజితో పరీక్షింపబడిన గాని కర్మాగారద్వారము దాటరాదు. సంస్థ తన శిక్షణకేంద్రమున పాఠశాల విడిచిన యువకులను చేర్చుకొని నేర్పినది ఈ విద్యను. ఉత్పత్తి పట్టికలలో ఈ పనివారి లెక్క ప్రత్యేకముగా కనబడదు. ఐనను సంస్థ దేశమునకు చేసిన అత్యంత విలువైన సరఫరా ఇదియే యని చెప్పవలెను.

స్థానిక పరిశ్రమకు ఈ సంస్థ తోడ్పాటు ద్విముఖముగా సాగినది. మొదటిది కొనుగోలు: పిడులు, మరలు, చిన్న పోతలు, బ్రాకెట్ల వంటి భాగములను తానే చేయక, కర్మాగార సమీపముననే అనుబంధ పారిశ్రామికవాడ ఏర్పఱచి, అచ్చటి చిన్న వర్క్‌షాపులకు పని అప్పగించి, పటములను, కొలతసాధనములను, తనిఖీదారులను సమకూర్చెను. భాగము కొలత తప్పినచో తిప్పిపంపుట ఎంత కఠినమో, ఎందువలన తప్పినదో చూపి దిద్దుట అంత ఉపకారకము. రెండవది అమ్మకము: 1955లో స్థాపితమైన జాతీయ చిన్నపరిశ్రమల సంస్థ వాయిదాలపై యంత్రములను ఇప్పించుటచే, మూలధనము చాలని టర్నరు సైతము క్రొత్త లేతునకు యజమాని కాగలిగెను.

సంస్థ తన మిగులు ధనముతోనే 1961 నాటికి బెంగుళూరులో రెండవ కర్మాగారమును కట్టుకొనినది. పిదప హర్యానాలోని పింజోరు, కేరళలోని కలమస్సేరి, 1965లో హైదరాబాదు దాని కార్యక్షేత్రములయ్యెను. ఇంతలో 1962లో, చెకొస్లొవేకియా సహాయముతో, బెంగుళూరునందు కేంద్ర యంత్రనిర్మాణ పరిశోధనాలయము వెలసినది.

హైదరాబాదు నగరోత్తర భాగమున చింతల్, కుత్బుల్లాపూరు ప్రాంతమున నిలిచిన కర్మాగారము, ఒక్కొక్క కొనుగోలుదారుని ఒక్కొక్క ప్రత్యేకావసరమునకు తగినట్లు రూపొందించు ప్రత్యేక యంత్రములకు ప్రసిద్ధి గాంచినది. ఆ పరిసరములకు ఎచ్.ఎం.టి. రోడ్డు అను పేరు నేటికిని నిలిచియున్నది. ప్రాగా టూల్స్ సంస్థ సర్ఫేస్ గ్రైండర్లను, కటర్లకు పదునుపెట్టు యంత్రములను, లేతు చక్కులను తయారుచేసెను. ఆ సంస్థలో 1960లలో కేంద్రమునకు 56 శాతము, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకు 32 శాతము వాటాలుండెడివి. అట్టి సంస్థపై రిట్టు చెల్లునా యన్న వివాదమున 1969లో సుప్రీంకోర్టు వెలువరించిన తీర్పు మూలమున, లేతు ముఖమెఱుగని న్యాయవిద్యార్థులకును ప్రాగా పేరు సుపరిచితము. 1968లో బాలానగరునందు ఐక్యరాజ్యసమితి సహాయముతో కేంద్ర టూల్ డిజైన్ సంస్థ ఏర్పడి, డైలు, మూసలు, జిగ్గులు, ఫిక్చర్ల రూపకల్పనమున యువకులకు తర్ఫీదు నీయసాగెను. ఇవియు, రామచంద్రాపురమున భెల్ వంటి పెద్ద కర్మాగారములును ఒకే నగరపు పొలిమేరలలో చేరుటవలన, బాలానగరు, జీడిమెట్ల వాడలలో కూలికి భాగములు తరగి యిచ్చు చిన్న వర్క్‌షాపులకు పనియు, పనివారును ఒక్కచోటనే లభించిరి.

1960ల ఉత్తరార్ధమున పారిశ్రామిక మాంద్యము సంభవింపగా, యంత్రనిర్మాణ యంత్రముల గిరాకి తక్షణమే కుంగెను. పరిశ్రమలు విస్తరణ మానిననాడు మొట్టమొదట రద్దగునది క్రొత్త లేతు ఆర్డరే గదా! జపానులోని సిటిజన్ సంస్థ సహకారముతో 1961లోనే చేపట్టిన చేతిగడియారములు ఆ కష్టకాలమున సంస్థను ఆదుకొనినవి. అటుపై పింజోరులో ట్రాక్టర్లు, కలమస్సేరిలో ముద్రణయంత్రములు, హైదరాబాదున విద్యుద్దీపములు వచ్చి చేరెను. తెలుగు గృహములలో ఎచ్.ఎం.టి. యనిన పెండ్లికొడుకు చేతిగడియారమే స్ఫురించుటకు హేతువిది. తాత్కాలిక రక్షణగా ఈ బహుముఖ విస్తరణ సమర్థనీయమే; కాని సంస్థ దృష్టిని, ధనమును అది మూలవృత్తినుండి మరల్చెననుట కాదనలేని విషయము.

కంప్యూటరు ఆదేశములచే నడచు సి.ఎన్.సి. యంత్రములు ప్రబలినపుడు ఈ దౌర్బల్యము బయల్పడెను. వానియందలి నియంత్రణభాగములకు జపాను, జర్మనీ సంస్థలను ఆశ్రయింపవలసి వచ్చెను. సంస్థను వీడిన ఇంజనీర్లు, శిక్షితులు కొందఱు బెంగుళూరు పీణ్యా మొదలగు వాడలలో స్థాపించిన స్వల్ప సంస్థలు ఈ మార్పును మాతృసంస్థ కంటె చుఱుకుగా గ్రహించినవి. 1991 సంస్కరణలవలన సుంకములు తగ్గి విదేశీ యంత్రములు విపణిలో ప్రవేశింపగా, రక్షిత విపణికి అలవాటుపడి, ఆలస్యముగా సరకు అందించుటను దోషముగా నెంచని ఆ సంస్థ నష్టములపాలయ్యెను. ప్రాగా 1988లోనే దానికి అనుబంధ సంస్థయైయుండెను. 2000 ప్రాంతమున విభాగములు వేర్వేరు సంస్థలుగా విడివడగా, 2016లో గడియారముల, ట్రాక్టర్ల తయారీ మూతపడినది. యంత్రనిర్మాణ విభాగము మాత్రము కొనసాగుచున్నది.

నేడు సరఫరాదారుల రీతి మాఱినది. యంత్రమును విక్రయించు సంస్థయే ప్రోగ్రాము వ్రాయుట నేర్పి, కటింగ్ టూల్సును ఎంపికచేసి, కొన్నవానికి కావలసిన భాగపు తొలి నమూనాను అతని ఎదుటనే తరగించి చూపి, మరమ్మతునకు మనుష్యులను పంపుచున్నది. బ్యాంకు ఋణపత్రములను సైతము సిద్ధముచేసి యిచ్చు ప్రతినిధులు లేకపోలేదు. జాలహళ్లి, కుత్బుల్లాపూరు కర్మాగారములలో తయారైన పాత లేతులకు సెకండ్‌హ్యాండు విపణిలో గిరాకి తగ్గలేదు. అరిగిన బెడ్డును మఱల గ్రైండు చేయించి, గీకించి, క్రొత్త మోటారు బిగించి అమ్ము వ్యాపారము పలు పారిశ్రామికవాడలలో సాగుచున్నది.