వార్ధక్య వైద్యం: తొలి దినాలు

ఇంగ్లండులో 1834 నాటి పేదల చట్టాన్ననుసరించి, దిక్కులేనివారిని 'వర్క్‌హౌస్' అనబడే గృహాలలో ఉంచేవారు. వీటిని మన సత్రాలవంటివని భావించరాదు. సత్రంలో బాటసారికి మర్యాద ఉంటుంది. అక్కడనో, చేరడమే అవమానమనిపించేటట్లు ఆ చట్టాన్ని బుద్ధిపూర్వకంగా రూపొందించారు. కాలక్రమాన ఒంట్లో సత్తువ గలవారు బయటపడగా, వృద్ధులూ వ్యాధిగ్రస్తులూ మిగిలిపోయారు. ఈ గృహాలకు అనుబంధంగా వెలసిన ఆరోగ్యశాలలలో ఒకసారి మంచమెక్కిన వృద్ధుడు సాధారణంగా ఆ మంచం మీదనే కన్ను మూసేవాడు. 1929లో చేసిన స్థానిక పరిపాలన చట్టంవల్ల ఇవి కౌంటీ కౌన్సిళ్ల వశమయ్యాయి.

1935లో లండను పశ్చిమ శివారున ఐజిల్‌వర్తులోగల వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రికి, దాని పక్కనున్న ఇటువంటి శాల ఒకటి సంక్రమించింది. అందులో 714 పడకలున్నాయి. వాటి బాధ్యత డాక్టర్ మార్జొరీ వారెన్‌కు అప్పగించబడింది. అప్పటికామెకు నలభై ఏళ్లు నిండలేదు. ఆసక్తి శస్త్రచికిత్స మీద; వృద్ధుల వైద్యమన్నది ఆమె నేర్చినదీ కాదు, నేర్పేవారూ ఆనాడు లేరు. ఆమె చేసిన మొదటి పని అతి సామాన్యమైనది: ఒక్కొక్క రోగినీ స్వయంగా పరీక్షించడం. పక్షవాతం వచ్చినవారు, ఎముక విరిగినవారు, మతి చెడినవారు, ఏ జబ్బూ లేక కేవలం పోవడానికి చోటులేనివారు, అందరూ ఒకే వరుసలో పడి ఉన్నారు. ఏ చికిత్సవల్ల ఎవరు కోలుకొంటారన్న విచారణే అంతవరకు జరగలేదు.

ఇక్కడ శరీరధర్మాన్ని గురించి కొంత చెప్పుకోవాలి. విశ్రాంతి రోగికి మంచిదని మనమందరం నమ్ముతాం. కాని కదలని కండరం త్వరగా క్షీణిస్తుంది. 2007లో ప్రకటితమైన ఒక అమెరికా పరిశోధనలో, ఆరోగ్యవంతులైన వృద్ధులను పదిరోజులపాటు మంచం మీదనే ఉంచి చూస్తే, వారి కాళ్లలోని కండ దాదాపు ఒక కిలోగ్రాము తరిగిపోయింది! సంవత్సరాల తరబడి పడుకున్నవారి సంగతి ఊహించుకోవచ్చు. మోకాళ్లు ముడుచుకొని బిగుసుకుపోతాయి. బరువు మోయని ఎముకనుండి కాల్షియం జారిపోతుంది. శరీరం బరువుకు పరుపు ఆనినచోట సన్నని రక్తనాళాలు నొక్కుకుపోయి, నెత్తురందక చర్మం చచ్చి పుండవుతుంది. మలమూత్రాలపై అదుపు తప్పుతుంది. ఇవన్నీ చూసినవారు 'వయసు మీరింది, ఇంకేం చేస్తాం?' అన్నారు. వయసు చేసిన అపకారం కొంతే. తక్కినదంతా మంచం చేసింది.

డాక్టర్ వారెన్ రోగులను వ్యాధినిబట్టి వేరుచేసి, లేవగలవారిని లేపి నిలబెట్టింది. వ్యాయామ చికిత్స, నడక అభ్యాసం, తమ బట్టలు తామే తొడుక్కొనే శిక్షణ మొదలుపెట్టింది. చీకటిగదులకు వెల్లవేయించి, వెలుతురు వచ్చేటట్లు చేసింది. క్రమేణ చాలామంది ఇళ్లకుగాని, వృద్ధాశ్రమాలకుగాని వెళ్లగలిగారు. 714 పడకలకు బదులు 240 చాలాయి. మిగిలిన పడకలు క్షయరోగుల కుపకరించాయి. 1943లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లోను, 1946లో లాన్సెట్‌లోను ఆమె రాసిన వ్యాసాలలోని వాదన గమనించదగినది: వృద్ధరోగులను ఊరిచివర దాచరాదు, వైద్యవిద్యార్థులూ నర్సులూ శిక్షణ పొందే సాధారణ ఆసుపత్రిలోనే వారికొక విభాగం ఉండాలి. లేనిచో ఈ విద్య ఎవరూ నేర్వరు.

నేర్పాలంటే డబ్బు కావాలి. అది మొదట రావలసినచోటినుండి గాక, ఒక మోటారుకార్ల వ్యాపారి చేతినుండి వచ్చింది. మోరిస్ కార్లు తయారుచేసిన విలియం మోరిస్, అనగా నఫీల్డు ప్రభువు, 1943లో కోటి పౌనుల విలువగల వాటాలతో నఫీల్డు ఫౌండేషన్ నెలకొల్పాడు. దాని ఆశయాలలో పేదవృద్ధుల సంరక్షణ ఒకటి. రౌన్‌ట్రీ అధ్యక్షతన అది నియమించిన సంఘం 1947లో వృద్ధుల స్థితిగతులపై నివేదిక ప్రకటించింది. విప్లవానంతరం రష్యా విడిచివచ్చిన కొరెన్‌చెవ్‌స్కీ 1939లోనే వార్ధక్య పరిశోధకులను ఒక సంఘంగా కూర్చాడు. ఆయనకు 1945లో ఆక్స్‌ఫర్డులో పరిశోధనాలయం ఏర్పడింది కూడా నఫీల్డు ధనంతోనే. లండను యూనివర్సిటీ కాలేజీలో ఆ ఫౌండేషన్ వేతనంతో అలెక్స్ కంఫర్ట్ గప్పీ చేపలను ఏళ్ల తరబడి పెంచి, చేపలకు ముసలితనం రాదన్న పాత అభిప్రాయం సరికాదని చూపాడు. ఏ ఆసుపత్రిలోనూ వెంటనే అక్కరకురాని ఇటువంటి పనికి కూడా డబ్బిచ్చారంటే ఆ దాతల దూరదృష్టిని మెచ్చుకోవలసిందే.

1947లో ట్రెవర్ హోవెల్ పూనికతో కొద్దిమంది వైద్యులు ఒక సంఘంగా ఏర్పడ్డారు. వారెన్ వారిలో ఒకరు. 1959లో అదే బ్రిటిష్ జెరియాట్రిక్స్ సొసైటీ అయింది. మరుసటి ఏడు ఆమె ఐరోపాలో ఒక సభకు పోతూ, దారిలో జరిగిన కారు ప్రమాదంవల్ల మరణించింది. 1965లో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ఫెర్గుసన్ ఆండర్సన్ వార్ధక్య వైద్యానికి మొట్టమొదటి ఆచార్యుడయ్యాడు. వారెన్ తొలిరోజుల కృషికీ దీనికీ మధ్య ముప్పై ఏళ్లు గడిచాయన్నమాట!

ఐనప్పటికీ బ్రిటిష్ యువవైద్యులు ఈ శాఖవైపు చూడలేదు. ప్రైవేటు ఆదాయం లేదు, గౌరవం అంతకన్న లేదు. ఖాళీగా పడివున్న ఆ ఉద్యోగాలలో చేరినది చాలవరకు భారతదేశంనుండీ పొరుగుదేశాలనుండీ వెళ్లిన వైద్యులు. వారు కోరిన శాఖల తలుపులు వారికి తెరుచుకోలేదు. తెరిచివున్న తలుపు ఇదొక్కటే. నిర్బంధంగా ఎన్నుకొన్న ఆ శాఖను వారిలో అనేకులు శ్రద్ధగా నేర్చి, దాన్ని నిలబెట్టారు.

బ్రిటనులో ఈ విద్య నేర్చి స్వదేశం చేరినవారిలో డాక్టర్ వి. ఎస్. నటరాజన్ ఒకరు. 1978లో వారు మద్రాసు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో వృద్ధులకై ప్రత్యేకంగా వెలుపలి రోగుల విభాగం ప్రారంభించారు. మద్రాసు వైద్యకళాశాలలో ఈ శాఖలో ఎం.డి. పట్టానికి చదువు మొదలైనది 1996లో. 2010లో కేంద్రప్రభుత్వం వృద్ధుల ఆరోగ్యసంరక్షణకు జాతీయ కార్యక్రమం చేపట్టి, ప్రాంతీయ కేంద్రాలకోసం మొదటి విడతగా ఎనిమిది వైద్యసంస్థలను ఎంపికచేసింది. వాటిలో మద్రాసు వైద్యకళాశాల ఉంది. తెలుగునాటి కళాశాల ఒక్కటీ లేదు.