ఉప్పు తిన్న ట్యాంకు

మా పాలకొల్లులో పాత బండికి డీజిల్ ట్యాంకు సామాను కావాలంటే మేస్త్రి ముందు అడిగేది మోడలు కాదు. "ఏ లోడు తోలిందండీ?" అంటాడు. కొబ్బరికాయ, ధాన్యం తోలిన బండి ట్యాంకు లోపల మడ్డి పట్టి పాడవుతుంది. రొయ్య తోలిందైతే ట్రేల్లోంచి కారే ఐసునీళ్లకి బయటినుంచి తుప్పు తింటుంది. మా నాన్నగారి టాటా 207 రెండూ తోలింది.

బరువులు మోయడం ఈ ఊరికి పాత పనే. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు ఇక్కడ బట్టల వర్తకం పెట్టారు. 1825లో ఊరిని ఆంగ్లేయుల చేతికి వదిలి వెళ్లారు. డచ్చివాళ్ల కాలంలోనే పక్కనున్న నరసాపురం, మాధవాయపాలెం రేవుల్లో ఓడలు కట్టేవారు, సముద్రం తినేసిన ఓడల్ని బాగుచేసేవారు. ఉప్పుతో పోరాడే మరమ్మతు పని ఈ గోదావరి చివర ఇప్పుడు పుట్టింది కాదని నేను నమ్ముతాను. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవల మీద పడవలు నడిచాయి. తర్వాత లారీలు. 1986లో టాటా 407, 1988లో టాటామొబైల్ పికప్పు వచ్చాక లారీ తిరగలేని రొయ్యల చెరువుగట్టు దాకా బండి వెళ్లింది. పొలాలు చెరువులయ్యే కొద్దీ మంచినీటి ఊళ్ల బండ్లకి ఉప్పునీటి జబ్బులు పట్టుకున్నాయి.

మా ట్యాంకు పట్టీల కిందే చిల్లుపడింది. తడి నిలిచేది అక్కడే. డ్రైవరు సబ్బు రుద్ది రెండు రోజులు నెట్టుకొచ్చాడు. వెల్డింగ్ పెట్టాలంటే డీజిలంతా తీసి, కడిగి, గాలి మిగలకుండా నీళ్లు నింపాలి. ఆ పని తెలిసినవాళ్ల చేతే చేయించాలి. మా రేకు అప్పటికే పలచబడిపోయింది కాబట్టి వేరే ట్యాంకు తెచ్చాం.

అసలు చిక్కు అక్కడ మొదలైంది. ఆ ట్యాంకులో డీజిలు మట్టం చెప్పడానికి విజయవాడ ఆటోనగర్ నుంచి తెచ్చిన ఫ్లోటు చూడ్డానికి అచ్చం పాతదే. బోల్టు రంధ్రాలూ కలిశాయి. కానీ కడ్డీ పొట్టిది. ఫ్లోటు అడుగుదాకా దిగదు, డీజిలు ఉండగానే ముల్లు ఖాళీ అంటుంది. ఇంకోటి తెస్తే కడ్డీ సరిపోయింది గానీ ముల్లు తిరగబడింది: ట్యాంకు నిండితే ఖాళీ, ఖాళీ అయితే నిండు. లోపలి తీగచుట్ట మా డ్యాష్‌బోర్డు గేజికి జోడీ కాదు. సక్షన్ పైపుదీ ఇదే తంటా. పొట్టిదైతే అడుగు డీజిలు అందక ఇంజను ఆగిపోతుంది. మరీ పొడుగైతే మడ్డి లాగేస్తుంది. మూత కూడా చూసి కొనాలి. గాలి ఆడే సన్నదారి లేని మూత బిగిస్తే కొంతదూరం పోయాక డీజిలు రావడం తగ్గి బండి గుంజుతుంది.

"ఫోటోలు వద్దండీ, పాత సామాను పట్టుకురండి" అన్నాడు మేస్త్రి. పాత ఫ్లోటునీ, పైపునీ బల్ల మీద పడుకోబెట్టి, కొత్తవి పక్కన పెట్టి, దారంతో కొలిచాడు. ఫ్లోటుని చేత్తో పైకీ కిందికీ ఆడిస్తూ ముల్లు చూడమని నన్ను క్యాబిన్లో కూర్చోబెట్టాడు. మూడో ఫ్లోటు కుదిరింది. పట్టీల కింద పాత ట్యూబు ముక్కలు కోసి వేశాడు. లోడు దించాక అక్కడ మంచినీళ్లతో కడగమని గట్టిగా చెప్పాడు.

పాత ఫ్లోటు తీసుకోబోతే ఇవ్వలేదు. "ఇంకో 207 వస్తే కొలతకి ఉంటుందండీ" అని గోడమేకుకి తగిలించాడు.