అడ్మిరల్ సోమర్విల్ - మన తీరం

1942 ఏప్రిల్ 6వ తేదీ సోమవారం నాడు జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేసిన సంగతి మన తీరప్రాంతపు కుటుంబాల్లో ఒకప్పుడు అందరూ చెప్పుకున్నదే. ఇళ్ళకు తాళాలు వేసి, దొరికిన బండి మీద పిల్లాపాపల్ని ఎక్కించుకొని లోపలి పల్లెలకు తరలిపోయిన కథలు మా చిన్నతనంలో మేమూ విన్నాము. పేలని బాంబు ఒకటి ఇప్పటికీ విశాఖ మ్యూజియంలో ఉంది. చూసిన పాఠకులు మనలో చాలామందే ఉంటారు. కాని ఆ కథలు చెప్పిన పెద్దలు చివర ఒక ప్రశ్న వేసి ఊరుకునేవారు. సముద్రాలన్నీ తనవేనని చెప్పుకున్న ఇంగ్లీషువాడి నౌకాదళం ఆ రోజు ఎక్కడికి పోయింది?

ఇన్నేళ్ళుగా ఇంగ్లండులో ఉంటూ, ఇక్కడి లైబ్రరీల పుస్తకాలు తిరగేస్తూ ఉన్నాము గనుక ఆ ప్రశ్నకు జవాబు వెదకటం మనకు కష్టం కాదు. వెదికితే ఒక మనిషి దగ్గరకు చేరుతాము. ఆయన అడ్మిరల్ సర్ జేమ్స్ సోమర్విల్. రెండు ప్రపంచ యుద్ధాల్లో పనిచేసిన నౌకాధికారి. వైద్యులమైన మాకు ఆయన మీద ఇంకొక కుతూహలం కూడా ఉంది. రెండవ యుద్ధంలో ఆయన చేసిన పని దాదాపు అంతా, వైద్యకారణాల మీద ఉద్యోగం నుంచి పంపివేసిన తరువాత చేసినదే.

సోమర్విల్ 1882 జూలై 17న సర్రే జిల్లా వేబ్రిడ్జిలో పుట్టారు. 1897లో, పద్నాలుగేళ్ళ వయసులో, బ్రిటానియా శిక్షణ నౌకలో చేరారు. ఆ రోజుల్లో నౌకాదళంలో పేరు రావాలంటే ఫిరంగుల విద్య నేర్వాలి. ఈయన మాత్రం టార్పెడోల మీదుగా వైర్‌లెస్ వైపు వెళ్ళారు. అది అప్పుడే పుట్టిన విద్య. పాతకాలపు కెప్టెన్లలో చాలామందికి దాని మీద నమ్మకం లేదు. 1915లో గలిపోలీ యుద్ధంలో ఒడ్డున దిగిన సైన్యానికీ, సముద్రంలో ఉన్న నౌకలకూ మధ్య వార్తలు నడపటంలో చేసిన కృషికి ఆయనకు డి.ఎస్.ఓ. పతకం వచ్చింది. రెండు యుద్ధాల నడుమ కాలం గురించి ఇక్కడ ఎక్కువ చెప్పము. సిగ్నల్ శాఖకు డైరెక్టరు అయ్యారు, యుద్ధనౌకలకు కెప్టెన్ అయ్యారు, స్పెయిన్ అంతర్యుద్ధ కాలంలో మధ్యధరా సముద్రంలో డిస్ట్రాయర్ల దళాన్ని నడిపారు. 1938లో ఈస్ట్ ఇండీస్ నౌకాదళానికి సేనాధిపతిగా సింహళంలోని ట్రింకోమలీకి వచ్చారు.

అక్కడ జబ్బు చేసింది. ఊపిరితిత్తుల క్షయ అన్నారు. 1939లో ఇంగ్లండుకు పంపివేసి, ఆ వేసవిలో రిటైర్డు జాబితాలో చేర్చారు. ఆయన వయసు అప్పటికి 57. యుద్ధం ఇంకా కొద్ది వారాల్లో మొదలవబోతోంది.

ఆ మెడికల్ బోర్డును మేము తప్పు పట్టలేము. స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నది 1943లో. 1939లో క్షయకు మందు లేదు. విశ్రాంతి, మంచి గాలి, మంచి తిండి, కొందరికి ఊపిరితిత్తిని కొంతకాలం ముడిచి ఉంచే చికిత్స, అంతే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో చేసినా, స్విట్జర్లాండు కొండల్లో చేసినా అదే వైద్యం. తలుపులు బిగించిన యుద్ధనౌకలో వందలమంది ఒకరి ఊపిరి ఒకరు పీలుస్తూ బతుకుతారు. అటువంటి చోటికి క్షయ అనుమానం ఉన్న మనిషిని పంపుతామని ఏ డాక్టరు సంతకం పెడతాడు? మేమైనా పెట్టము. కాని నిబంధన ఒకటి, మనిషి ఇంకొకటి. బోర్డు కాగితం మీద రాసింది ఒక ఛాతీ గురించి. ఆ ఛాతీ గల మనిషి తరువాత ఆరేళ్ళు యుద్ధం చేశాడు.

యుద్ధం రాగానే ఆయన రిటైర్డు అధికారిగానే అడ్మిరల్టీలో పనికి కుదిరారు. నౌకలకు రాడారు అమర్చే పనినీ, విమానాల్ని కూల్చే ఆయుధాల పనినీ ముందుకు తోశారు. పాత వైర్‌లెస్ విద్య అప్పుడు అక్కరకు వచ్చింది. 1940 మే చివర డంకర్క్ నుంచి సైన్యాన్ని తప్పించేటప్పుడు డోవర్లో ఆ బాధ్యత అంతా అడ్మిరల్ రామ్సే భుజాల మీద ఉంది. ఆయనకు నిద్ర లేదు. సోమర్విల్ తనంతట తాను అక్కడికి వెళ్ళి, ఆయన బదులు కుర్చీలో కూర్చొని, ఆయన కాస్త కన్ను మూసుకునే వీలు కల్పించారు. ఆ కొద్ది రోజుల్లో 3,38,000 మంది సముద్రం దాటారు. వారిలో ఫ్రెంచి సైనికులు లక్ష పైచిలుకు.

సరిగ్గా నెల తిరిగేసరికి అదే సోమర్విల్ ఫ్రెంచివారి మీద ఫిరంగులు పేల్చవలసి వచ్చింది.

ఫ్రాన్సు లొంగిపోయింది. దాని నౌకలు జర్మనీ చేతికి పోతాయేమోనని చర్చిల్ ప్రభుత్వానికి భయం. జిబ్రాల్టర్‌లో "ఫోర్స్ హెచ్" అనే దళాన్ని ఏర్పరచి సోమర్విల్‌కు అప్పగించారు. ఆయనకు వచ్చిన మొదటి పని అల్జీరియాలోని మెర్స్ ఎల్ కెబీర్ రేవుకు వెళ్ళి, అక్కడి ఫ్రెంచి దళం ముందు నాలుగు దారులు పెట్టటం. మాతో కలిసి పోరాడండి. లేదా తక్కువమంది సిబ్బందితో బ్రిటిష్ రేవుకు రండి. లేదా వెస్టిండీస్‌కు పోయి ఆయుధాలు విడవండి. లేదా ఆరు గంటల్లో మీ నౌకల్ని మీరే ముంచుకోండి. ఒకటీ కాదంటే మేమే ముంచుతాము. బయలుదేరక ముందే సోమర్విల్, ఫ్రెంచివారితో పరిచయమున్న అధికారులతో మాట్లాడి, బలప్రయోగం వద్దని లండన్‌కు తంతి పంపారు. కుదరదని జవాబు వచ్చింది.

1940 జూలై 3న రోజంతా మాటలు నడిచాయి. ఫ్రెంచి అడ్మిరల్ జాన్సూల్, తన దగ్గరకు అడ్మిరల్ కాక హాలండ్ అనే కెప్టెన్ వచ్చాడని చిన్నబుచ్చుకొని మొదట చూడటానికే ఒప్పుకోలేదు. తన పైవారికి పంపిన వార్తలో వెస్టిండీస్ మాటే రాయలేదు. సాయంత్రం ఆరు కావస్తుండగా సోమర్విల్ కాల్పులకు ఆజ్ఞ ఇచ్చారు. కాల్పులు పది నిముషాలు. "బ్రెతాన్" అనే యుద్ధనౌక పేలి తలకిందులైంది. ఆనాటి దాడిలోనూ, మూడు రోజుల తరువాత విమానాలతో చేసిన రెండవ దాడిలోనూ కలిపి 1,297 మంది ఫ్రెంచి నావికులు చనిపోయారు. సోమర్విల్ తన భార్యకు దాదాపు రోజూ ఉత్తరం రాసే మనిషి. ఆ రోజుల ఉత్తరాల్లో తనకూ తనవాళ్ళకూ ఒళ్ళంతా మురికి పట్టినట్లున్నదనీ, సిగ్గుగా ఉన్నదనీ అర్థం వచ్చేట్లు రాశారు. "స్ట్రాస్‌బూర్" అనే పెద్ద నౌక తప్పించుకొని తూలాన్ చేరింది. దాన్ని గట్టిగా అడ్డుకోలేదని కొందరు సణిగారు కూడా.

ఈ సణుగుడు ఆయనకు తరువాత కూడా తప్పలేదు. 1940 నవంబరు 27న స్పార్టివెంటో అగ్రం దగ్గర ఇటాలియన్ నౌకాదళాన్ని తరిమి, తాను కాపాడవలసిన సరుకు ఓడలు దూరమైపోతున్నాయని మధ్యలో వెనక్కు తిరిగారు. ఆయన జిబ్రాల్టర్ చేరకముందే ఆయన మీద విచారణ సంఘం వేసేశారు! సంఘం ఆయన చేసినది సబబేనని తేల్చింది. 1941 ఫిబ్రవరిలో జెనోవా రేవు మీద దాడి, మేలో బిస్మార్క్ వేట. ఫోర్స్ హెచ్ లోని "ఆర్క్ రాయల్" నుంచి ఎగిరిన పాతకాలపు రెండు రెక్కల విమానం వేసిన టార్పెడో బిస్మార్క్ చుక్కానిని చెడగొట్టింది. మరునాడు ఆ నౌక మునిగింది. 1939లో వచ్చిన ఒక సర్ బిరుదు చాలదన్నట్లు ఆ ఏడాది రెండవ సర్ బిరుదు కూడా ఇచ్చారు. దాని మీద అడ్మిరల్ కన్నింగ్‌హామ్ పంపిన చమత్కారపు తంతి చాలా ప్రసిద్ధమైనది గాని, ఆడవాళ్ళూ పిల్లలూ చదివే మన పత్రికలో దాన్ని వివరించటం బాగుండదు.

ఇక మన సంగతి. 1941 డిసెంబరు 10న "ప్రిన్స్ ఆఫ్ వేల్స్", "రిపల్స్" అనే రెండు మహానౌకల్ని జపాను విమానాలు మలయా దగ్గర ముంచేశాయి. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు పోయింది. మార్చి 8న రంగూన్ పోయింది. రంగం వెళ్ళి స్థిరపడిన మన గోదావరి, విశాఖ జిల్లాలవాళ్ళు వేలకు వేలు ఓడల మీదా, ఓడ దొరకనివాళ్ళు అడవుల వెంట కాలినడకనా తిరిగి వస్తున్న రోజులవి. పరదేశంలో ఉన్న మనం వాళ్ళను తలచుకోవాలి. మనకు ముందు దేశం విడిచిన తెలుగువాళ్ళు వాళ్ళే. ఆ మార్చి చివర సోమర్విల్ కొలంబోకు వచ్చి ఈస్టరన్ ఫ్లీట్ పగ్గాలు పట్టుకున్నారు. మూడేళ్ళ కిందట రోగిగా వదిలిపోయిన సముద్రానికే సేనాధిపతిగా తిరిగి వచ్చారు. పేరు ఇంకా రిటైర్డు జాబితాలోనే ఉంది.

ఆయన చేతికి వచ్చినవి అయిదు యుద్ధనౌకలు. అన్నీ మొదటి యుద్ధకాలంలో కట్టినవే. వాటిలో నాలుగు నెమ్మదివి, మంచినీళ్ళు కూడా ఎక్కువ రోజులకు పట్టనివి. విమాన వాహక నౌకలు మూడు, అన్నిటి మీదా కలిపి విమానాలు వందలోపు. ఎదురుగా అడ్మిరల్ నగుమో అయిదు వాహక నౌకలతో, సుమారు మూడు వందల విమానాలతో, పర్ల్ హార్బరు గెలిచిన సిబ్బందితో వస్తున్నాడు. పగలు ఎదురుపడితే రెండు గంటల పని. సోమర్విల్ లెక్క ఏమంటే, పగలు దూరంగా ఉండాలి, రాత్రి దగ్గరకు జరగాలి, రాడారు ఉన్న విమానాలతో చీకట్లో టార్పెడోలు వేయాలి. చీకటిపోరు జపానువారి విమానాలకు చేతకాదు.

ఏప్రిల్ 1న దాడి ఉంటుందని గూఢచారి వార్త. మూడు రోజులు కాపు కాశారు. ఎవరూ రాలేదు. నీళ్ళు అయిపోవచ్చాయి. ప్రమాదం తప్పిందనుకొని దళాన్ని మాల్దీవుల్లోని అడ్డూ అటోల్ అనే రహస్య స్థావరానికి తీసుకుపోయి, "డార్సెట్‌షైర్", "కార్న్‌వాల్" అనే క్రూజర్లను కొలంబోకూ, "హెర్మీస్" వాహకాన్ని ట్రింకోమలీకీ పంపారు. మా అభిప్రాయంలో ఆయన చేసిన పెద్ద పొరపాటు ఇదే. ఏప్రిల్ 4 సాయంత్రం నగుమో దళం కనపడింది. 5వ తేదీ ఈస్టర్ ఆదివారం ఉదయం కొలంబో మీద బాంబులు పడ్డాయి. ఆ మధ్యాహ్నం రెండు క్రూజర్లూ మునిగి 424 మంది చనిపోయారు. బిస్మార్క్‌కు ఆఖరి టార్పెడోలు వేసిన డార్సెట్‌షైర్ అదే. 9న హెర్మీస్ మునిగింది. ఆ నడుమ రాత్రుళ్ళు సోమర్విల్ విమానాలు చీకట్లో వెదికాయి గాని, వాటికి నగుమో దొరకలేదు. నగుమోకు ఆయనా దొరకలేదు.

వీళ్ళిద్దరూ సింహళానికి దక్షిణంగా దాగుడుమూతలు ఆడుతుండగా, అడ్మిరల్ ఒజావా "ర్యూజో" అనే చిన్న వాహక నౌకతో, కొన్ని క్రూజర్లతో బంగాళాఖాతంలో జొరబడ్డాడు. రక్షణ లేని సరుకు ఓడల్ని ఒరిస్సా తీరం నుంచి మన తీరం దాకా ఇరవైకి పైగా ముంచాడు. 6వ తేదీన ర్యూజో విమానాలు కాకినాడకూ, విశాఖకూ వచ్చాయి. విశాఖ రేవు తెరిచి అప్పటికి తొమ్మిదేళ్ళయినా కాలేదు. సింధియా వారి ఓడల కర్మాగారానికి బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసి ఏడాది కూడా కాలేదు. అడ్డుపడటానికి బంగాళాఖాతంలో బ్రిటిష్ నౌకాదళం లేదు. పెద్దల ప్రశ్నకు జవాబు ఇది. అది మాల్దీవుల దగ్గర, తన ప్రాణం దక్కించుకునే పనిలో ఉంది. ఆ తరువాత నెమ్మది నౌకలు ఆఫ్రికా తీరంలోని కిలిండినీకి పోయాయి.

దీన్ని పారిపోవటమని అనవచ్చునా? మద్రాసు నుంచి ప్రభుత్వ కచేరీలే లోపలి ఊళ్ళకు తరలుతుంటే చూసినవాళ్ళు అలాగే అనుకున్నారు. అందులో వాళ్ళ తప్పు లేదు. కాని ఆ అయిదు ముసలి నౌకలూ ఆ వారంలో మునిగి ఉంటే, ఈజిప్టులోని సైన్యానికి సరుకు పోయే దారి, మన దేశానికి వచ్చే దారి రెండూ తెగేవి. స్పార్టివెంటోలో వెనక్కు తిరిగిన మనిషే ఇక్కడా వెనక్కు తగ్గాడు. మేము ఆయన పక్షమే. మన తీరాన్ని కాపలా లేకుండా వదిలిన నిర్ణయం సోమర్విల్‌ది కాదు. అది అంతకు చాలా ముందే లండన్‌లో జరిగింది. సరిగ్గా ఆ వారంలోనే క్రిప్స్ దొరగారు ఢిల్లీలో కూర్చొని, రక్షణశాఖ భారతీయుల చేతికి ఎంత ఇవ్వాలో, ఎంత ఇవ్వకూడదో బేరమాడుతున్నారు. ఆ బేరం తెగింది. బాంబులు పడింది మాత్రం మన ఊళ్ళ మీద. సోమర్విల్ గురించిన ఇంగ్లీషు పుస్తకాల్లో కొలంబోకు పుటలు ఉంటాయి. "కొకనాడా", "వైజాగపటం" అన్న పేర్లకు ఒక వాక్యం దొరికితే ఎక్కువ.

1944లో ఆయన దళం మళ్ళీ తూర్పుకు వచ్చింది. ఏప్రిల్‌లో సుమత్రా దగ్గరి సబాంగ్ మీద, మేలో జావాలోని సురబయా మీద అమెరికన్ వాహకం "సరటోగా"తో కలిసి విమానదాడులు చేసింది. జూలైలో సబాంగ్‌ను ఫిరంగులతో కొట్టింది. మౌంట్‌బాటెన్ దొరతో అధికారం గురించి పేచీలు కూడా నడిచాయి. ఆ ఏడాదే ఆయన పేరును రిటైర్డు జాబితా నుంచి తీసి మళ్ళీ సర్వీసు జాబితాలో రాశారు. తరువాత వాషింగ్టన్‌లో బ్రిటిష్ నౌకాదళ ప్రతినిధిగా ఉండి, ఇంగ్లీషువాళ్ళంటే గిట్టదని పేరుపడ్డ అడ్మిరల్ కింగ్‌తో కూడా నవ్విస్తూ నెట్టుకొచ్చారు. 1945 మే 8న, ఐరోపాలో యుద్ధం ముగిసిన నాడే, అడ్మిరల్ ఆఫ్ ది ఫ్లీట్ అయ్యారు. 1949 మార్చి 19న సోమర్సెట్‌లోని డిండర్ గ్రామంలో తమ ఇంట్లో పోయారు. వయసు 66. కారణం గుండె రక్తనాళంలో గడ్డ.