తెరమీది మన్యం, తెరకందని మేము

చింతపల్లి, పాడేరు, అరకు కొండల్ని తెలుగువాళ్లలో చాలామంది ముందు చూసింది సినిమాహాల్లోనే. మేమూ అంతే. 1974లో కృష్ణ ‘అల్లూరి సీతారామరాజు’ వచ్చింది. తెలుగులో మొదటి సినిమాస్కోప్ అదే. శ్రీశ్రీ పాటకి జాతీయ అవార్డు వచ్చింది. ఆ హాళ్లలో చప్పట్లు కొట్టినవాళ్లలో సాయిబులూ ఉన్నారు. మరి ఆ చరిత్రలో సాయిబులున్నారా అని అడిగినవాళ్లెందరు?

ఉన్నారు. పోలవరం డిప్యూటీ కలెక్టర్ ఫజ్లుల్లాఖాన్ సర్కారు నౌకరే. అయినా 1922లో పోలీసు నిఘాలో ఉన్న రాజుని నమ్మి, మళ్లీ ఏజెన్సీకి వెళ్లేందుకు తోడ్పడ్డాడు. ఆ ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసుస్టేషన్ల మీద దాడులు జరిగాయి. ఇది ఒక్కడి సాహసమే కాదు. 1882 అటవీ చట్టం పోడుకి అడ్డుపడింది. ముఠాదార్ల హక్కులు పోయాయి. లంబసింగి రోడ్డు పనిలో డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కూలి ఎగ్గొట్టాడు. గాం గంటందొర, మల్లుదొర అన్నదమ్ములు తిరగబడింది ఇందుకే.

వాళ్లని అణచడానికి వచ్చిన బలగాల్లో మలబార్ స్పెషల్ పోలీసు ఒకటి. ఆ పేరు దగ్గర మేము ఆగిపోతాం. 1921లో మలబారు మాప్పిళ్ల ముస్లింల తిరుగుబాటుని అణచడానికి పుట్టిన దళం అది. ఆ నవంబర్‌లో మూసేసిన గూడ్సు పెట్టెలో ఊపిరాడక 60 మందికి పైగా ఖైదీలు చచ్చిపోయారు. ఆ తిరుగుబాటులో హిందువుల మీద జరిగిన దాడుల్ని దాచమని మేము అనం. కాని మాప్పిళ్లల మీద తేలిన చెయ్యే ఆదివాసుల మీదికీ వచ్చిందన్న సంగతి కూడా దాచొద్దంటాం.

మలబారులో మాప్పిళ్లల మీద కాల్పులు జరిపిన పటాలాల్లో లీన్‌స్టర్ రెజిమెంటు ఉంది. అది ఐర్లండు పటాలం! తమ దేశంలో బ్రిటిష్ వాడి మీద యుద్ధం నడుస్తున్న ఏడాదే, ఆ బ్రిటిష్ వాడి జీతం తిని ఇక్కడి రైతుల మీద తుపాకీ పేల్చింది. నూరేళ్లకి, 2022లో, ‘ఆర్ఆర్ఆర్’లో గవర్నర్ స్కాట్ వేషం వేసిన రే స్టీవెన్‌సన్ ఉత్తర ఐర్లండులో పుట్టినవాడే. గవర్నరు భార్యగా వేసిన ఆలిసన్ డూడీది డబ్లిన్.

ఐర్లండు పోరాటం మీద నీల్ జోర్డన్ 1996లో ‘మైకేల్ కాలిన్స్’ తీశాడు. 2006లో కెన్ లోచ్ తీసిన సినిమాకి కాన్స్‌లో పెద్ద బహుమతి వచ్చింది. రెండూ బ్రిటిష్ వాణ్ణి తిట్టి ఊరుకోలేదు. 1921 ఒడంబడిక మీద తమలో తాము చీలి, ఒకరినొకరు చంపుకున్న సంగతీ చూపించాయి. లోచ్ సినిమాలో తమ్ముణ్ణి కాల్చమని హుకుం ఇచ్చేది సొంత అన్నే. మన తెర అంత దూరం ఎందుకు పోదు?

‘ఆర్ఆర్ఆర్’లో కొమురం భీము ఢిల్లీలో ఒక ముస్లిం ఇంట్లో తలదాచుకుని అక్తర్‌గా తిరుగుతాడు. 2020లో టీజరులో ఆ టోపీ కనబడగానే గొడవయింది. అసలు భీము నిజాం సర్కారుతో పోరాడి 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాడు. తమ వీరుడి కథ మార్చారన్న గోండుల బాధ న్యాయమైనది. పాలించినవాడు ముసల్మానైనంత మాత్రాన ఆ పాలన మాది కాదు. కాని టోపీయే అవమానం అన్నవాళ్లతో మాకు వేరే లెక్క ఉంది. భీము పేరున నిలిచిన ‘జల్, జంగల్, జమీన్’లో జమీన్ మా ఇళ్లలో మాట్లాడే ఉర్దూ మాటే. అదీ తీసేస్తారా?

వీరుల పటాల్లో వాటా మేము అడగడం లేదు. ముసల్మాను తెరమీద వేసుకుని విప్పేసే వేషం కాదంటున్నాం. పాడేరు కేంద్రంగా 2022లో ఏర్పడిన జిల్లాకి అల్లూరి పేరు పెట్టారు, మంచిదే. మల్లుదొర బతికి బయటపడి 1952లో లోక్‌సభకి ఎన్నికయ్యాడు. ఆయన కథ ఎవరు తీస్తారు? ఫజ్లుల్లాఖాన్ పేరు ఏ పిల్లాడు చదువుతాడు? వాళ్లు చెప్పకపోతే మేము రాస్తాం.