తేటనీటిలో కనబడని సారం

చెరువులోకి కొత్తనీరు వచ్చినప్పుడు చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపితే, బురద అడుక్కు దిగి నీళ్ళు తేటపడతాయని మన పెద్దలకు ఏనాడో తెలుసు. గుడ్డ, ఇసుక, పటిక కూడా ఆ బాటలోవే. అయితే తేటపడిన నీటిలో కూడా ఒక్కోసారి లేత టీరంగు మిగులుతుంది, చూశారా? అది బురద కాదు. రాలిన ఆకు, కుళ్ళిన గడ్డి వానకు నాని, నీటిలో కరిగిన సారం. చేనుకు బలమే గాని, కడవకు పనికిరాదు.

ఎందుకంటారా? క్లోరిను ఈ సారంతో కలిస్తే ట్రైహలోమీథేన్లనే పదార్థాలు పుడతాయని హాలండు దేశంలో రూక్ అనే శాస్త్రజ్ఞుడు 1974లో బయటపెట్టాడు. అవి మోతాదు మించి ఏళ్ళతరబడి ఒంట్లోకి పోతే మంచిది కాదు. అలాగని క్లోరిను మానరాదు. మానితే కలరా వాకిట్లో ఉంటుంది. కనుక సారాన్నే ముందు తీసెయ్యాలి. శేషాచలం అడవి నీళ్ళు పట్టే కల్యాణి డ్యాం 1977లో కట్టారు. అడవి నీళ్ళు, చెరువు నీళ్ళు తాగే తిరుపతి, చిత్తూరు సీమలకు ఇది పట్టించుకోవలసిన మాటే.

కరిగినదాన్ని పట్టే జల్లెడ ఉందా? ఉంది. 1960 ప్రాంతంలో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్, మన దేశంలో పుట్టిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి, ఉప్పునీటిని మంచినీరు చేసే పొర తయారుచేశారు. ముడిసరుకు సెల్యులోజ్ ఎసిటేట్. దాన్ని పత్తిగింజ నూగునుంచీ, కలప గుజ్జునుంచీ తీస్తారు. దాన్ని ఎసిటోనులో కరిగించి, గాజుపలకమీద పలచగా పరిచి, కాసేపు ఆరనిచ్చి, మంచునీళ్ళలో ముంచారు. పాలమీద మీగడలా పైన సన్నని పొర కట్టింది. కింద స్పంజిలా గుల్లగా నిలిచింది. మీగడ వడపోస్తుంది, గుల్ల నీటిని సులువుగా పోనిస్తుంది. అదీ కిటుకు!

తరువాత ఆకుసారం కోసం కాస్త పెద్ద రంధ్రాల పొరలు వచ్చాయి. ఆ రంధ్రం మిల్లీమీటరులో పదిలక్షలో వంతు ఉంటుంది. పారిస్ దగ్గర మేరీ-సుర్-వాజ్‌లో 1999నుంచి ఏటినీటిని ఇలాగే వడపోస్తున్నారు. మన ఊళ్ళ ఆర్.ఓ. ప్లాంట్లలోనిదీ ఆ వంశపు పొరే.

అయితే ఒక చిక్కుంది. ఆ సారమే పొరకు జిగటగా పట్టి రంధ్రాలు పూడుస్తుంది. అందుకే పటిక, ఇసుక ముందు పని చెయ్యాలి. పొర ఆ తరువాత. పెద్దల పద్ధతి పాతబడలేదన్నమాట!

ఇక మన వంతు పని: తాగునీటి చెరువులోకి చెత్త, ఆకు దొర్లనివ్వకండి. ఎరువు గుంతలో వెయ్యండి. అక్కడ అది బంగారం.