రేవు స్తంభం మీది గుర్తులు

మొహర్రం నెలలో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర, బారా షహీద్ దర్గా రొట్టెల పండుగకు పోనివారు మనలో తక్కువే. నీళ్లలో నిలబడి ఒకరు ఆరోగ్య రొట్టె అడుగుతారు, ఇంకొకరు పెళ్లి రొట్టె అడుగుతారు. చూడబోతే రొట్టెలన్నీ ఒక్క తీరుగానే ఉంటాయి. ఏది ఏ రొట్టె అన్నది ఇచ్చేవారికీ పుచ్చుకొనేవారికీ తెలుసు. గుర్తు అనేది పనిచేసేది ఇలాగే. ఇద్దరికీ ఒకే అర్థం తెలియాలి. ఈ మాట మనసులో పెట్టుకొని, మన తీరంలో ప్రాణాలు కాపాడే గుర్తుల చరిత్రను కొంచెం చెప్పుకొందాం.

1864లో అక్టోబరు నెలలో కలకత్తాను, నవంబరులో మచిలీపట్నాన్ని ఉప్పెనలు ముంచి వేలాది మందిని పొట్టన పెట్టుకొన్నాయి. మరుసటి ఏడు కలకత్తా రేవులో తుపాను హెచ్చరిక గుర్తులు మొదలైనవి. 1875లో వాతావరణ శాఖ ఏర్పడింది. 1898 ఏప్రిల్ 1 నుండి దేశంలోని రేవులన్నింటికీ ఒకే పద్ధతి వచ్చింది. పగలు స్తంభానికి శంకువు, పీపా ఆకారపు గుర్తులు, రాత్రి ఎర్రని, తెల్లని దీపాలు.

జెండా చాలదా అని మనకు తోచవచ్చు. గాలి లేకపోతే జెండా వాలిపోతుంది, ఎక్కువైతే చినిగిపోతుంది. దూరానికి రంగు తెలియదు. శంకువు, పీపా మాత్రం ఏ వైపు నుండి చూసినా అవే. ఏ భాష పడవవాడైనా, అక్షరం రానివాడైనా గుర్తుపట్టగలడు.

రేడియో వచ్చిన తర్వాత ఆకారం వెనక్కు పోయి నంబరు మిగిలింది. "కృష్ణపట్నం రేవులో మూడో నంబరు ఎగరేశారు" అంటే మనకు చాలు. చిక్కంతా ఇక్కడే. నంబరు పెరిగేకొద్దీ ప్రమాదం మెట్టు మెట్టుగా పెరుగుతుందని మనమంతా అనుకొంటాం. అది పూర్తిగా నిజం కాదు.

1, 2 దూరాన సముద్రంలో ఉన్న ముప్పును గూర్చి ఓడలకు చెప్పేవి. 3, 4 రేవుకే హెచ్చరికలు. 5, 6, 7 మూడూ ఒకే స్థాయి ప్రమాదం. తుపాను దారికి రేవు ఎడమ పక్క పడితే 5, కుడి పక్క పడితే 6, తుపాను రేవు మీదుగానో దగ్గరగానో పోతే 7. తీవ్ర తుపానుకు ఇదే వరుసలో 8, 9, 10.

ఈ కుడి ఎడమల భేదం చిన్నది కాదు. మన తీరానికి తుపాను తూర్పు నుండి వస్తే, దాని దారికి కుడి పక్క, అంటే ఉత్తరాన ఉన్న ఊళ్ల మీదికి గాలి సముద్రాన్ని నెట్టుకొస్తుంది. ఉప్పెన భయం అక్కడే ఎక్కువ. కాబట్టి "ఏడు కాదులే, ఆరేగదా" అని ఇంట్లో కూర్చోవడం ఎంత పొరపాటో చూడండి.

ఇక చివరిది 11. వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని, ప్రమాదం ఉందని రేవు అధికారి భావిస్తున్నాడని దీని అర్థం. కబురు రాకపోవడమే ఇక్కడ కబురు!

1977 నవంబరు 19న దివిసీమలో ఏం జరిగిందో పెద్దలు మరిచిపోలేదు. 1984 నవంబరులో శ్రీహరికోట ప్రాంతాన తీరం దాటిన తుపాను మన జిల్లానే దెబ్బ తీసింది. ఈనాడు హెచ్చరిక మన జేబులోని ఫోనుకే వస్తున్నది. అయితే వచ్చిన గుర్తును చదవడం రాకపోతే ఫోనున్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఈ పదకొండు గుర్తుల అర్థం మన పిల్లలకు ఒక సాయంత్రం కూర్చోబెట్టి చెబుదాం. గుర్తు ఎగరేయడం రేవువారి వంతు, దాన్ని తెలుసుకోవడం మన వంతు.